కిటికీ దగ్గర చిట్టిబాబు

పర్లాకిమిడి, ఆదివారం రాత్రి

మా మగపిల్లి చిట్టిబాబు ఈ మధ్య మూత్రంతో తడిపిన చోట్లన్నీ ఈ రోజు కూర్చుని వరసగా రాసుకున్నాను. పెరటి కిటికీ పరదా కింది అంచు. దాని పక్కనున్న బియ్యం డబ్బా. పాతపట్నం నుంచి వచ్చిన ఆడపడుచు సంచి. నిన్న మార్చిన గ్యాస్ సిలిండర్. ఒకదానికొకటి పొంతన లేదు. అత్తయ్య మాత్రం పొద్దున్న సిలిండర్ కడుగుతూనే తేల్చేశారు: "దీనికి మన మీద కక్ష పుట్టిందమ్మా. మొన్న కేకలేశాం కదా, మనసులో పెట్టుకుంది."

ఆ మాట నాకు కష్టంగా తోచింది. పిల్లికి కక్ష ఉందని నమ్మిన ఇంట్లో దాని వీపు మీద చీపురుకట్ట పడటానికి ఎంతోసేపు పట్టదు. బెదిరిన పిల్లి ఇంకా ఎక్కువ తడుపుతుంది.

మధ్యాహ్నం వాడి పని కళ్లారా చూశాను. పరదా వాసన చూసి, పై పెదవి ఎత్తి, నోరు సగం తెరిచి అలాగే నిలబడిపోయాడు. పిల్లి అంగిట్లో ముందు పళ్ల వెనక సన్నని రంధ్రాలు ఉంటాయి. వాటి గుండా వాసన జాకబ్‌సన్ అవయవానికి, అంటే అంగిటి పైన ఉండే వాసన పట్టే భాగానికి చేరుతుంది. తర్వాత వెనక్కి తిరిగాడు. తోక నిటారుగా లేచింది, కొస సన్నగా వణికింది, వెనక కాళ్లు మార్చి మార్చి తొక్కాడు. నేలకు జానెడు ఎత్తున గోడ మీద చిన్న జల్లు పడింది. అంతే. మామూలుగా వెళ్లేటప్పుడైతే ఇసుక తవ్వి, కూర్చుని, కప్పి మరీ వస్తాడు. ఈ రోజు ఇసుక తొట్టె కూడా ఎప్పటిలాగే తడిసి ఉంది, అదొక ధైర్యం. మగపిల్లి పదే పదే కూర్చుని, చుక్క చుక్కగా పోస్తూ మూలిగితే అది వేరే సంగతి. మూత్రనాళం పూడుకుందేమోనని ఆ పూటే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

సిలిండర్ సంగతి అత్తయ్యకు విడమరిచి చెప్పాను. అది ఎన్ని ఇళ్లు తిరిగి వచ్చిందో, ఎన్ని కుక్కలూ పిల్లులూ దానికి ఒళ్లు రాశాయో! ఆడపడుచు సంచీ అంతే, వాళ్లింట్లోనూ పిల్లులున్నాయి. పరాయి వాసన లోపలికొస్తే దాని పక్కన తన వాసన పెడితేగాని వీడికి నిమ్మళం ఉండదు. మనం గుమ్మానికి పేరుపలక తగిలించుకోమూ? నిశ్చింతగా ఉన్న చోట చెంపలు మాత్రమే రుద్దుతాడు: అత్తయ్య చీర కుచ్చిళ్లు, రోలు అంచు, నా బీరువా మూల. వాటిని ఎన్నడూ తడపలేదు.

ఇక కిటికీ. అసలు గొడవంతా అక్కడే ఉంది. పక్కింటి మాఉసీ (ఒడియాలో పిన్ని) వాళ్లకు కుమార పూర్ణిమ, అంటే ఆశ్వయుజ పున్నమి, మర్నాడే కార్తికం వచ్చేసింది. మనకేమో దీపావళి వెళ్తేగాని రాదు. వాళ్లింట్లో చేపలు వండటం ఆగిపోయింది, మా పెరట్లో ఇంకా కడుగుతూనే ఉన్నాం. వాళ్లు పడేసే చేప తలల మీదే బతికిన చెవి చిరిగిన గండుపిల్లి ఇప్పుడు మా గోడెక్కి కూర్చుంటోంది. చిట్టిబాబుకు ఏడాది నిండుతోంది, ఈడొచ్చింది. అద్దం దాటి వెళ్లి వాణ్ని తరమలేడు. వాడి చేతిలో ఉన్నది ఈ ఒక్క పనే.

అత్తయ్య ఫినాయిలు తీస్తే వద్దన్నాను. అందులోని ఫినాల్ లాంటి రసాయనాలను పిల్లి కాలేయం సరిగా అరిగించలేదు. పాదాలకు అంటింది నాకితే విషమే. మూత్రం మీద బ్లీచింగ్ పౌడర్ చల్లినా హానిచేసే ఆవిరి లేస్తుంది. ఎంజైములున్న బట్టల పొడిని గోరువెచ్చని నీళ్లలో కలిపి తుడిచాం. ఆరాక, మెత్తని నూలుగుడ్డతో చిట్టిబాబు చెంపలు రుద్ది, ఆ గుడ్డనే కిటికీ చెక్కకు వాడి ముక్కు అందే ఎత్తున రాశాను. గుర్రుగుర్రుమంటూ రెండో చెంప కూడా తిప్పాడు, బంగారుకొండ. కింది అద్దాలకు పాత పేపరు అంటించాను.

చిట్టిబాబుకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించక తప్పదు. అత్తయ్యకు జాలి. ఈడొచ్చిన మగపిల్లి మూత్రంలో ఫెలినిన్ అనే పదార్థం ఎక్కువగా చేరుతుందనీ, ఆ ఘాటంతా అది విరిగినప్పుడు పుట్టేదేననీ, ఆపరేషన్ అయినవాటిలో దాదాపు పదింటికి తొమ్మిది ఈ అలవాటు మానేస్తాయనీ చెప్పాను. "సరే, టపాకాయల గోల తగ్గాక తీసుకెళ్దాం" అన్నారు. న్యాయమైన మాట. అసలే బెదిరి ఉన్నాడు.

ఆ గండుపిల్లి గురించి మాఉసీతో గోడ దగ్గర మాట్లాడాను. "ఛాడఖాయి రానీ అమ్మా, మళ్లీ మా గుమ్మంలోనే పడి ఉంటాడు" అన్నారు. నిజమే, ఛాడఖాయి నాడు వాళ్లు మళ్లీ చేపలు వండుతారు. కానీ అది కార్తిక పూర్ణిమ మర్నాడు, అప్పటిదాకా వాడి కడుపు మాటేమిటి? ఈ రోజు చేప తలలు వీధి చివర వేపచెట్టు కింద పెట్టి వచ్చాను, మా కిటికీలోంచి కనిపించనంత దూరంలో. దొరికితే వాడికి కూడా చిట్టిబాబుతో పాటే ఆపరేషన్ చేయించాలి. పట్టడానికి మూత ఉన్న వెదురు బుట్ట మాఉసీ ఇస్తానన్నారు.