అయిదు గళ్లకు ఆరు గీతలు

ఆదివారం, ఏప్రిల్. హన్మకొండ.

మధ్యాహ్నం రెండు దాటితే ఎండకు వీధిలో కుక్క కూడా కదలదు. ఎదురింటి వరండాలో మాత్రం పొద్దుటి నుంచీ చింతపండు కొడుతున్నారు. గింజలు ఒక పక్కన కుప్ప పడ్డాయి. సెలవులకు వచ్చిన నలుగురు పిల్లలు ఆ కుప్ప చుట్టే తిరుగుతున్నారు. పెద్దపిల్లకు తొమ్మిదేళ్లు, చిన్నోడికి అయిదు. చింతగింజలు చేతికొచ్చాక అష్టాచమ్మా గుర్తుకు రాకుండా ఉంటుందా!

పట్టం గీయడంలోనే మొదటి తప్పు జరిగింది. అయిదు గళ్లు కావాలని పిల్ల అయిదు గీతలు గీసింది, నాలుగే గళ్లు వచ్చాయి. అయిదు గళ్లకు నిలువు 6, అడ్డం 6 గీతలు కావాలి. గళ్లు బేసి సంఖ్యలో లేకపోతే నడిమి గడి రాదు, నడిమి గడి లేకపోతే కాయ పండే చోటే ఉండదు. గడి 4 అంగుళాలు ఉంటే పట్టం మొత్తం 20 అంగుళాలు, రెండడుగుల షాబాద్ బండ ఒక్కదానిలో పట్టేస్తుంది. అంతకన్నా చిన్నది గీస్తే ఒకే గడిలో నాలుగైదు కాయలు చేరినప్పుడు చిన్న వేళ్లు పక్క కాయను జరిపేస్తాయి. చాక్‌పీసును నీళ్లలో ముంచి గీస్తే ఆరాక గీత తెల్లగా తేలుతుంది, అరచేయి తగిలినా తొందరగా చెరగదు. నాలుగు అంచుల నడిమి గళ్లలో, మధ్య గడిలో ఇంటూ గుర్తులు పెట్టాలి. అక్కడున్న కాయను ఎవరూ కొట్టకూడదు.

గింజల దగ్గర ఎవరికీ ఓపిక ఉండదు. ఆట చెడేది మాత్రం ఎక్కువగా అక్కడే. ఒకే సైజువి నాలుగు ఏరి, ఒక వైపు గరుకు సిమెంటు మీద తెల్ల పప్పు కనబడేదాకా రుద్దాలి. షాబాద్ బండ నున్నగా ఉంటుంది, దాని మీద తోలు ఊడదు. పొడిగా రుద్దితే గింజ వేడెక్కుతుంది, పక్కవాడికి చురక పెట్టాలని పిల్లలకు చెయ్యి దురద పెడుతుంది. అందుకే రెండు చుక్కల నీళ్లు చల్లి తడిగా రుద్దించడం మంచిది. కొంచెమే రుద్ది వదిలేస్తే గింజ దొర్లి పక్కకు నిలబడుతుంది, తెలుపా నలుపా అని కొట్లాట. మరీ అరగదీస్తే చదును వైపే కిందికి పడుతుంది, నలుపే పైకి వస్తుంది, ఊరికూరికే అష్టాలు పడతాయి. ఆటకు ముందు నాలుగు గింజలూ కలిపి 20 సార్లు వేసి, మొత్తం 80లో ఎన్ని తెల్లగా పడ్డాయో లెక్క చూడాలి. 30 నుంచి 50 లోపు ఉంటే గింజలు బాగున్నట్టే.

పందెం లెక్క అందరికీ తెలిసిందే: ఎన్ని తెలుపులు పైకి పడితే అంత. నాలుగూ తెలుపైతే చమ్మా, 4. ఒక్కటీ తెలుపు లేకపోతే అష్టా, 8. ఈ రెండింటికీ ఇంకో పందెం.

దారి మాత్రం చిన్నపిల్లలకు తికమక. తన ఇంటి నుంచి, అంటే తన వైపు అంచులోని ఇంటూ గడి నుంచి, కుడివైపుగా బయటి వరుస అంతా చుట్టి, మళ్లీ తన ఇంటి పక్క గడికి చేరేసరికి 15 అడుగులు. అక్కడ లోపలికి తిరగాలి. తిరిగాక నడక ఎదురు దిక్కుకు మారుతుంది. లోపలి 8 గళ్లు దాటి నడిమి గడికి చేరితే కాయ పండినట్టు. మొత్తం 24 అడుగులు, పట్టంలో ప్రతి గడి మీదా ఒక్కసారి కాలు పెట్టినట్టు లెక్క. చిన్నోడు ఆ మలుపు దగ్గర రెండుసార్లు వచ్చిన దారినే వెనక్కి పోయాడు. మలుపు గడిలో ఎవరి బాణం గుర్తు వాళ్లకు గీస్తే ఈ చిక్కు ఉండదు. వరుసకు పది గళ్లున్న వైకుంఠపాళిలోనూ ఇదే తంటా. 10 నుంచి 11కి సరిగ్గా పైకి ఎక్కాలి, పిల్లలేమో మళ్లీ ఎడమ చివరికి పరుగెత్తుతారు.

ఇంకో తప్పును దగ్గరగా చూడాలి. చిన్నోడికి మూడు పడింది. కాయ ఉన్న గడి మీదే వేలు పెట్టి ‘ఒకటి’ అన్నాడు, పక్క గడికి ‘రెండు’, ఆ పక్కది ‘మూడు’. కాయ నిజంగా కదిలింది రెండే. చింతపండు కొడుతూనే అమ్మమ్మ అంది, ‘నువ్వు నిలబడ్డ గడిని ఎందుకు లెక్కవెడ్తున్నవ్ బిడ్డా? కాలు లేపినంకనే ఒకటి.’ ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు. వాడి తప్పులో తెలివితక్కువతనం ఏమీ లేదు. వస్తువులు లెక్కపెట్టేటప్పుడు ముందున్నదే ఒకటి కదా, వాడు అదే పద్ధతి ఇక్కడా పాటించాడు. గళ్లను లెక్కపెట్టడం వేరు, అడుగులను లెక్కపెట్టడం వేరు. కాయను చేత్తో పైకెత్తి, పక్క గడిలో టక్కున ఆనించి ‘ఒకటి’ అనిపిస్తే నాలుగైదు పందేల్లో సర్దుకుంటుంది.

గళ్లకు అంకెలు వేసిన ఆటలైతే లాభం మరింత. గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ అనే మనస్తత్వ పరిశోధకులు 2008లో బడికి వెళ్లని వయసు పిల్లలతో 1 నుంచి 10 దాకా ఒకే వరుసలో అంకెలున్న పట్టం ఆడించారు. రంగుల పట్టం ఆడినవాళ్ల కన్నా అంకెల పట్టం ఆడినవాళ్లకు అంకెల అవగాహన పెరిగింది. వైకుంఠపాళిలో కాయ 23 మీదుంటే ‘ఒకటి, రెండు’ అనకుండా ‘24, 25’ అంటూ జరిపించాలి. ఫోన్‌లో లూడో అయితే కాయను ఫోనే నడిపించేస్తుంది, పిల్లాడికి వేలు నొక్కడమే మిగులుతుంది. 1896లో ఇంగ్లండులో పేటెంటు తీసుకున్న ఆ లూడో కూడా మన పచ్చీసు నుంచి పుట్టిందే. అట్టముక్క మీద పాచికతో ఆడితేనే పిల్లాడికి లెక్క వంటబడుతుంది.

చిన్నోడు మూడున్నరకు లేచి గోడకానుకున్నాడు. కారణం పందెంలోనే ఉంది. నాలుగు గింజలు 16 రకాలుగా పడొచ్చు. చమ్మా ఒక రకం, అష్టా ఒక రకం. ఈ రెండింటికే కాయ దిగాలంటే సగటున 8 పందేలు ఆగాలి. నలుగురు ఆడుతుంటే అందరివీ కలిపి 32. అయిదేళ్ల పిల్లాడు అంతసేపు చేతులు కట్టుకుని ఎట్లా కూర్చుంటాడు? ఒకటి పడినా దిగొచ్చు అంటే ఆ 16 రకాల్లో 6 పనికొస్తాయి. ఒక్కొక్క కాయ ముందే ఇంట్లో పెట్టి మొదలుపెడితే ఇంకా నయం. ఎదుటి కాయను కొట్టనిదే లోపలికి పోవద్దన్న షరతు ఆరేళ్లు నిండేదాకా తీసేయాలి, లేకపోతే వాడి కాయ బయటే తిరుగుతూ ఉంటుంది. కొట్టిన కాయను మొదటికి పంపకుండా వెనకున్న ఇంటూ గడికి పంపితే ఏడుపు సగం తగ్గుతుంది.

ఈ సడలింపులు ఆటకు ముందే, అందరికీ వర్తించేట్టు చెప్పాలి. ఆట మధ్యలో చిన్నోడి మీద జాలిపడి మూడును నాలుగని లెక్కపెట్టడం మంచిది కాదు. ఇవాళ పెద్దపిల్ల అట్లాగే చేయబోయింది. వాడే గింజలను చూపించి, ‘మూడే పడ్డయ్ అక్కా’ అన్నాడు.

పులి-మేక వాడికి ఇంకా తొందర. 3 పులులు, 15 మేకలు, పైగా ఎదుటివాడు ఏం చేస్తాడో ముందే ఊహించాలి. ఏడెనిమిదేళ్లు రానివ్వాలి.

అయిదున్నరకు గింజలను లెక్కపెట్టి డబ్బాలో వేశారు. లోపల రెండేళ్ల పాప ఉంది. ఆ వయసులో గింజ నోట్లోకో ముక్కులోకో పోతుంది, కాబట్టి ఆట అయిపోగానే లెక్క తప్పనిసరి.

రేపటికి: నాలుగో గింజ పక్కకు నిలబడుతోంది, ఇంకొంచెం రుద్దాలి. పగిలిన గాజు ముక్కలు కాయలుగా వద్దు, కోసుకుంటాయి. నాలుగు రంగుల సీసా మూతలు పెట్టాలి. చిన్నోడి మలుపు గడిలో బాణం పెద్దగా గీయాలి.