అమెరికా ఆల్కో చాసిస్ మీద మన డబ్ల్యూడీఎం-2: నా అనుభవం

1980ల దక్షిణ మధ్య రైల్వేలో తిరిగిన డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజను మోడల్ ఒకటి హెచ్ఓ స్కేలులో, అంటే అసలులో దాదాపు 87వ వంతు (కచ్చితంగా 1:87.1) సైజులో కావాలనుకున్నాను. దానికి అమెరికా కంపెనీ ఆల్కో ఇంజను మోడల్ చాసిస్ (మోటారు, చక్రాలు ఉన్న అడుగు భాగం) తీసుకుని, పై బాడీ మొత్తం ప్లాస్టిక్ షీటుతో కట్టాను. ఎక్కడ కొలత కలిసింది, ఎక్కడ కలవలేదు, కలవని చోట ఏం చేశాను అన్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక నంబరు, ఒక ఫోటో ఎంచుకోండి. "డబ్ల్యూడీఎం-2 చేస్తాను" అనుకుంటే సరిపోదు. 16 వేలు, 17 వేలు, 18 వేల నంబర్ల వరుసల్లో ఈ ఇంజన్లు ఎన్నో వచ్చాయి. జంబో అని పిలిచే వాటి ముక్కే వేరు. వ్యాక్యూమ్ బ్రేకు కాలం ఇంజను ముందు ఒక లావు పైపు వేలాడుతుంది. ఎయిర్ బ్రేకు వచ్చాక బ్రేక్ పైపు, ఫీడ్ పైపు అని సన్న పైపులు వచ్చాయి. ఫోటో తేదీ తెలియకుండా ముందుభాగం కట్టడం మొదలుపెడితే రెండు కాలాలూ కలిసిపోతాయి. నేను వ్యాక్యూమ్ కాలమే తీసుకున్నాను, వెనక తగిలించేది మెరూన్ రంగు ఐసీఎఫ్ (చెన్నై పెట్టెల ఫ్యాక్టరీ) పెట్టెలు కాబట్టి.

అమెరికా చాసిస్ ఎందుకంటే బోగీ కోసం. ఇక్కడ బోగీ అంటే రైలు పెట్టె కాదు, ఇంజను కింద ఇరుసులను పట్టి ఉంచే చట్రం. ఈ ఇంజను 1962లో ఆల్కో నుంచి వచ్చింది, 1964 నుంచి వారణాసిలోని డీజిల్ ఇంజన్ల ఫ్యాక్టరీ డీఎల్‌డబ్ల్యూలో తయారైంది. దాని కింద ఉన్నది ఆల్కో ట్రైమౌంట్ బోగీ. మూడు ఇరుసుల్లో మధ్యది సరిగ్గా మధ్యలో ఉండదు, ఒక పక్కకు జరిగి ఉంటుంది. అదే కుటుంబం బోగీ అమెరికాలో ఆర్ఎస్‌డీ తరగతి ఇంజన్ల కింద ఉంది. సమ దూరంలో ఇరుసులున్న ఇఎమ్‌డీ (ఇంకో అమెరికా ఇంజన్ల కంపెనీ) చాసిస్ మీద ఎంత చక్కని బాడీ కూర్చోబెట్టినా, పక్కనుంచి చూడగానే తేడా తెలిసిపోతుంది. ఆర్ఎస్‌డీలలో 15 మాత్రం తీసుకోకండి, అది 66 అడుగుల పైన ఉండే పొడుగు ఇంజను.

అసలు కొలతలు, హెచ్ఓలో అవి ఎంతవుతాయో ఒక కాగితం మీద రాసి బల్ల ముందు అంటించుకున్నాను. బఫర్ల (ఇంజను రెండు కొసల్లో తాకిడిని ఆపే గుండ్రని దిమ్మల) చివర నుంచి చివరకు 17,120 మి.మీ., అంటే హెచ్ఓలో 196.6 మి.మీ. హెడ్‌స్టాక్ (బఫర్లు బిగించే చివరి అడ్డ దూలం) నుంచి హెడ్‌స్టాక్‌కు 15,862, అంటే 182.1. మొదటి ఇరుసు నుంచి ఆఖరి ఇరుసుకు 12,834, అంటే 147.3. వెడల్పు 2,864, అంటే 32.9. ఎత్తు 4,185, అంటే 48. చక్రం వ్యాసం 1,092, అంటే 12.5.

నా చేతికొచ్చిన చాసిస్‌లో ఇరుసుల మొత్తం దూరం 3 మి.మీ. ఎక్కువ వచ్చింది. దాన్ని సరిచేయాలంటే లోహపు ఫ్రేమును నడుమ కోసి, మోటారు నుంచి గేర్లకు వెళ్లే షాఫ్టులను కురచ చేయాలి. షాఫ్టు వెంట్రుకవాసి వంకరగా అతికినా ఇంజను కంపిస్తుంది. 3 మి.మీ.ను రెండు చివరలకూ సగం సగం పంచి వదిలేశాను. బోగీల మధ్య ఆయిల్ ట్యాంకును కొత్తగా కట్టేటప్పుడు ఆ ఖాళీ దానిలో కలిసిపోయింది. తేడా 5 మి.మీ. దాటితే మాత్రం ఆ చాసిస్ వదిలేయడమే మంచిది.

ఫ్రేము రెండు చివరలూ హెడ్‌స్టాక్ లోపలికి దిగేలా హ్యాక్సా బ్లేడుతో కోశాను. కోసే ముందు మోటారు, గేర్లు, బోగీలు అన్నీ ఊడదీయాలి. మోటారు అయస్కాంతానికి ఇనుప రజను అంటిందంటే మళ్లీ వదలదు, కోసిన లోహపు పొడి గేర్ల గ్రీజులో కలిస్తే పళ్లు అరిగిపోతాయి.

ఇక అసలు చిక్కు గేజి, అంటే రెండు పట్టాల మధ్య దూరం. మన బ్రాడ్‌గేజి 1,676 మి.మీ., హెచ్ఓలో 19.24 కావాలి. బజారులో దొరికే హెచ్ఓ పట్టా 16.5. పట్టాలు, పాయింట్లు, ఇరుసులు అన్నీ చేత్తో కట్టుకునేవాళ్లు 19.24కు వెళ్లవచ్చు. అప్పుడు ఇంకెవరి లేఅవుట్ (మోడల్ పట్టాల ఏర్పాటు) మీదా మన బండి నడవదు. నేను 16.5 మీదే ఉండి, తేడా కంటికి కనపడే చోట మాత్రమే సరిచేశాను. అది బోగీ పక్క ఫ్రేము. చక్రాలు ఎక్కడున్నా, పక్కనుంచి కనిపించేది ఆ ఫ్రేమే. బోగీకీ ఫ్రేముకూ మధ్య ఒక్కో పక్క 1.4 మి.మీ. మందం ప్లాస్టిక్ ముక్క పెట్టి బయటికి జరిపాను. గేజి తేడాలో సగం సరిగ్గా అంతే. దీనితో బోగీ బాడీ అంచు కిందకు వచ్చి, ఇంజను తన వెడల్పుకు తగ్గట్టు నిలబడుతుంది. ఇది చేయని మోడళ్లలో బాడీ పెద్దది, కాళ్లు సన్నవి అన్నట్టు ఉంటుంది.

అయితే జరిపిన ఫ్రేము వంపుల్లో మెట్లకు తగులుతుంది. మొదటిసారి అసలు లోతులోనే మెట్లు కట్టాను. 22 అంగుళాల వ్యాసార్థం వంపులో బోగీ తిరగగానే ఫ్రేము మెట్టును నెట్టింది, ముందు చక్రం పట్టా ఎక్కింది. మెట్ల వెనక పలకను 0.5 మి.మీ. షీటుతో మళ్లీ చేసి, లోపలి మూలను ఆకురాయితో ఏటవాలుగా తీశాక తగలడం ఆగింది. 18 అంగుళాల వంపు ఉన్నవాళ్లు మెట్లను బాడీకి కాకుండా బోగీకే అతికించుకోవాలి.

చక్రాల సంగతి వదిలేశాను. అమెరికా చక్రం 40 అంగుళాలు, హెచ్ఓలో 11.7 మి.మీ., మనది 12.5. పెద్ద చక్రం వేస్తే దాని అంచు ఫ్రేము మీది బ్రేకు దిమ్మలకు రాసుకుంటుంది. చిన్న చక్రంతో ఇంజను దాదాపు 0.4 మి.మీ. కిందకు కూర్చుంటుంది. బాడీ కూర్చునే చోట అంత మందం షీటు వేస్తే ఎత్తు సరిపోతుంది.

బాడీకి పక్కలు 1 మి.మీ. షీటు, తలుపులు 0.25 మి.మీ. షీటు. అమెరికా బాడీని కోసి వాడాలని మొదట్లో చూశాను. తలుపుల వరుస, కిటికీలు, క్యాబ్ (డ్రైవరు గది) పైకప్పు ఏదీ కలవదు, కొత్తగా కట్టడమే తక్కువ పని. పొడుగు హుడ్ (క్యాబ్ వెనక యంత్రాలను కప్పే పొడుగు భాగం) లోపల ఏముందో తెలిస్తే తలుపులు ఎక్కడ పెట్టాలో అర్థమవుతుంది. క్యాబ్ వెనక విద్యుత్ పరికరాలు, తర్వాత జనరేటరు, 16 సిలిండర్ల ఇంజను, ఎక్స్‌ప్రెసర్, చివర రేడియేటరు. ఎక్స్‌ప్రెసర్ అంటే గాలి నొక్కే కంప్రెసరు, వ్యాక్యూమ్ తీసే ఎగ్జాస్టరు ఒకే యంత్రంగా ఉన్నది. ఇంజను దగ్గర తలుపులు బారులు తీరి ఉంటాయి, రేడియేటరు దగ్గర తలుపుల బదులు జాలీలు, పైన ఒక పెద్ద ఫ్యాను. ఆ ఫ్యాను మీది జాలీకి సన్నని ఇత్తడి వల గుండ్రంగా కత్తిరించి వేశాను.

హుడ్‌ను పెట్టెలా అన్ని వైపులా మూసి అతికిస్తే కొన్ని వారాలకు పక్కలు లోపలికి గుంటపడతాయి. లోపల చిక్కుకున్న ప్లాస్టిక్ సిమెంటు ఆవిరే కారణం. అడుగు తెరిచి ఉంచి, లోపల ప్రతి 40 మి.మీ.కు ఒక అడ్డపలక వేసి, ప్రతి పలకకూ 6 మి.మీ. రంధ్రం పెట్టండి. సిమెంటు కుంచెతో తక్కువగా, ఒకే పక్కనుంచి.

చేతిపట్టీలకు 0.4 మి.మీ. ఇత్తడి తీగ వాడాను. ముందే టంకం వేసి ఒక్క ముక్కగా చేసుకుని, చివర్లు నడవా కింద వంచి సూపర్ గ్లూ పెట్టాలి. పైనుంచి గుచ్చి అతికిస్తే ఇంజను పట్టుకున్న మొదటిసారే ఊడి వస్తాయి.

ముందుభాగం మీద నేను అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాను. ఇంజనును చూసి మన రైలు అనిపించేది అక్కడే. నడిమి కప్లరూ ఉంది, రెండు పక్కల బఫర్లూ ఉన్నాయి, పెట్టెలకు తగిలించే స్క్రూ కప్లింగూ ఉంది. బఫర్ల కేంద్రాల మధ్య 1,955 మి.మీ., అంటే 22.4. హెడ్‌స్టాక్ నుంచి బఫరు బయటికి 7.2. బఫర్లయినా, కప్లరయినా కేంద్రం ఎత్తు గరిష్ఠంగా 1,105 మి.మీ., అంటే 12.7. అమెరికా హెచ్ఓ కప్లరు ఎత్తు మాత్రం దాదాపు 10 మి.మీ. కప్లరు ఎత్తు చూసే కేడీ 205 గేజి (కొలత సాధనం) పెట్టి చూస్తే అదే వస్తుంది. 2.7 మి.మీ. తేడా అంటే కప్లరు మొత్తం తప్పు చోట ఉన్నట్టే. బఫర్లను సరైన ఎత్తులో పెట్టి కప్లరును కిందే వదిలేస్తే ముందునుంచి చూసినప్పుడు మూతి జారినట్టు కనిపిస్తుంది. నా పెట్టెలన్నీ మనవే కాబట్టి కప్లరును 12.7కు లేపాను, పెట్టెలవీ లేపాను, ఎత్తు చూసే ఆ గేజిని కూడా అదే ఎత్తుకు కొత్తగా చేసుకున్నాను. అమెరికా వ్యాగన్లతో కలిపి నడపాలనుకునేవాళ్లు 10 దగ్గరే ఉంచి, స్క్రూ కప్లింగు వేలాడదీసి ఆ తేడాను కొంత మరుగుచేయవచ్చు.

బఫర్లను గట్టిగా అతికిస్తే వంపుల్లో పెట్టె బఫర్లకు చిక్కుకుని బండి పట్టా దిగుతుంది. కప్లరు ముఖం బఫర్ల కంటే కనీసం 1 మి.మీ. ముందుకు ఉండాలి, లేదా లోపల స్ప్రింగు ఉన్న బఫర్లు వేయాలి.

విద్యుత్ పనిలో ఒకే ఒక్క జాగ్రత్త చాలా నష్టాన్ని తప్పిస్తుంది. పాత చాసిస్‌లలో మోటారు బ్రషు నేరుగా ఫ్రేముకు తగిలి ఉంటుంది. అలాగే వదిలి డీసీసీ (పట్టాల మీదుగా డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి) డీకోడరు కలిపితే అది కాలిపోతుంది. ఎర్ర, నల్ల తీగలు పట్టాలకు, నారింజ, బూడిద రంగు తీగలు మోటారుకు. కలిపే ముందు మల్టీమీటరుతో మోటారు రెండు కొసలకూ ఫ్రేముకూ మధ్య ఏ సంబంధం లేదని చూసుకోవాలి. 12 వోల్టుల దగ్గర చక్రాలను చేత్తో ఒక్క క్షణం ఆపి కరెంటు ఎంత లాగుతుందో చూడండి, 1 ఆంపియరు దాటితే పాత మోటారు మార్చాలి. దీపాలకు తెల్ల, పసుపు తీగలు, రెంటికీ ఉమ్మడిగా నీలం, ప్రతి ఎల్ఈడీకీ 1 కిలో ఓం రెసిస్టరు.

ఇంజను నంబరు ఐదంకెలు, డీసీసీ చిరునామా చాలా కంట్రోలర్లలో 9999 దాటదు. చివరి నాలుగంకెలు పెట్టుకోవాలి, 18040 అయితే 8040. నా ఫోటోలో పొడుగు హుడ్ ముందుకు వస్తోంది, అందుకని డీకోడరు సెట్టింగుల్లో ఒకటైన సీవీ 29లో 39 వేశాను: మామూలు విలువ 6, పొడుగు చిరునామాకు 32, దిశ తిప్పడానికి 1.

రంగు వేసేటప్పుడు లేత పట్టీ ముందు, దాని మీద టేపు, తర్వాత ముదురు రంగు. టేపు అంచు మీద ముందుగా లేత రంగే ఇంకో పూత వేస్తే, అంచు కింద పాకేది అదే రంగు కాబట్టి గీత శుభ్రంగా వస్తుంది. హుడ్ లోపల నల్ల రంగు వేయడం మరవకండి, లేకపోతే దీపం వెలిగినప్పుడు ముక్కు అంతా వెలుగుతుంది.

అక్షరాలు డెకాల్ కాగితం (నీళ్లలో ముంచి అంటించే బొమ్మల కాగితం) మీద లేజరు ప్రింటరుతో. దాదాపు ఏ ప్రింటరూ తెల్ల రంగు వేయదు, పసుపు వేసినా ముదురు రంగు మీద కనపడకుండా పోతుంది. తెల్ల డెకాల్ కాగితం మీద చుట్టూ ఇంజను రంగు ముద్రించి, అక్షరాన్ని ఖాళీగా వదలాలి. రంగు తేడా పట్టీ అంచులో కలిసిపోయేలా కత్తిరించాలి. షెడ్డు పేరు తెలుగులో ఉంటే ఇంకో సంగతి. 2 మి.మీ. ఎత్తులో "కాజీపేట" ముద్రిస్తే 600 డీపీఐలో "జీ" గుడిదీర్ఘం, "పే" లోపలి ఖాళీ పూడుకుపోయాయి. 1200 డీపీఐలో నిలిచాయి. "గుత్తి" అయితే ఒత్తు కోసం 2.5 మి.మీ. అయినా కావాలి, గీతలు సన్నగా ఉండే ఫాంటు తీసుకోవాలి. ముద్రించాక రెండు పలుచని పూతల వార్నిష్ వేసి, ఒక రాత్రి ఆరనిచ్చి, అప్పుడే నీళ్లలో ముంచండి. అదే రోజు ముంచితే అక్షరం అంచుల దగ్గర పొడిలా లేచిపోతుంది.