ఆదివారం, ఉగ్గాని, పదకొండో అధ్యాయం

ఇంట్లో ఎవరూ లేవకముందే రెండు పేజీలైనా రాద్దామని పొద్దున ఐదింటికి లేచాను. రాసింది నాలుగు వాక్యాలు. మిగతా టైమంతా సీసా ఊపుతూ కూచున్నాను.

నిరుడు ఎండాకాలం శ్రీశైలం డ్యాం వెనక నీళ్లు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడితే చూడ్డానికి వెళ్లాం. ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లలోనే ఉండే గుడి అది. అందరూ వేపచెక్క శివలింగానికి దండం పెట్టుకుని, ఏడు నదులు కలిసే చోటని నెత్తిన నీళ్లు చల్లుకుని వస్తే, నేను టిఫిన్ డబ్బా నిండా ఒండ్రుమట్టి ఎత్తుకొచ్చాను. దాన్ని హార్లిక్స్ సీసాలో వేసి, నీళ్లు పోసి, బాగా ఊపి, ఫోనులో టైమర్ పెడతాను. ఇసుక నిమిషంలోపే అడుగుకు దిగుతుంది. దానిమీద మెల్లగా గోధుమరంగు పొర కడుతుంది. పైన నీళ్లు మాత్రం మర్నాటిదాకా తేరుకోవు. మా ఆయన అడిగితే నవలకు పరిశోధన అంటాను. రాయకుండా తప్పించుకోవడానికి కూడా ఇంతకంటే మంచి పని లేదు.

నవల 2140లో జరుగుతుంది. అప్పటికి రిజర్వాయరంతా పూడిపోయి, జనం ఆ మట్టిమీద సేద్యానికి దిగుతారు. ఇదేమీ నేను గాల్లోంచి పుట్టించింది కాదు. శ్రీశైలం కట్టినప్పుడు 308 టీఎంసీలు పట్టేది. ఇప్పుడు పేపర్లో నిండు మట్టం 885 అడుగుల పక్కన పడే లెక్క 215 టీఎంసీలే. మధ్యలో పోయిన తొంభై చిల్లర టీఎంసీల చోటులో ఉన్నది పూడికే. వానాకాలమంతా నేను రోజూ ఆ మట్టం అంకె డైరీలో రాసుకుంటాను. కొందరు క్రికెట్ స్కోర్లు రాసుకోరూ, అలాగే.

ఎనిమిదింటికి వంటింట్లో అత్తమ్మ ఉగ్గానికి బొరుగులు నీళ్లలో ముంచి పిండుతోంది. పదకొండో అధ్యాయం చదివి వినిపించాను. మట్టి తవ్వుతుంటే కథానాయికకు ఓ పాత ఇంటి తలుపు తగులుతుంది, దానిమీద చెక్కిన తామరపువ్వు. ఆ వర్ణనకే ఆరు పేజీలు పట్టింది. నిజం చెప్పాలంటే, నాకు బాగా నచ్చిన ఆరు పేజీలు.

అత్తమ్మ చెయ్యి ఆగింది.

"తలుపు యాడుంటాదిమ్మా? ఊరు ఖాళీ చేసేటప్పుడు ఎవురన్నా తలుపు ఇడిసిపెట్టి వస్తారా? దూలాలు, వాకిండ్లు, కిటికీలు, అన్నీ పీక్కొనే కదా వచ్చింది!"

ఆమె పుట్టిన ఊరు ముంపులో పోయింది. 1981లో ఖాళీ చేయించేనాటికి ఆమెకు పద్దెనిమిదేళ్లు. ఆ ఇంటి వాకిలి ఎక్కడుందో నాకు తెలుసు కూడా, మా ఆయన మేనమామ ఇంట్లో. పండగలకు వెళ్లినప్పుడల్లా నేను దాటే గడప అదే. ఆరు పేజీలు రాసేటప్పుడు ఒక్కసారైనా గుర్తు రాలేదు.

"మరి ఏం వదిలేశారత్తా?"

పచ్చిమిరపకాయలు తరుగుతూ కాసేపు ఆలోచించింది. "రోలు. నేలలో పూడ్చిన రోలు. మా నాయన గడ్డపార తీసుకోనొస్తే మాయమ్మ వద్దనింది. పోయేచోట ఇల్లే లేదు, రోలు యాడ పూడ్చుకుంటాం అనింది."

అంతే, పుట్నాల పొడి డబ్బా అందుకోమంది. బజ్జీలు వేడిగా ఉన్నప్పుడే తినాలని ఇంట్లో అందరినీ కేకేసింది.

మధ్యాహ్నం ఆ ఆరు పేజీలూ కత్తిరించి వేరే ఫైల్లో దాచాను. చెరిపేయడానికి మనసొప్పలేదు. కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని ఇదే ముంపులో పోకుండా రాయీ రాయీ విప్పి ఆలంపూర్ తెచ్చి తిరిగి కట్టారు కదా, అది చూడ్డానికి వెళ్లినప్పుడు పన్నెండు పేజీల నోట్సు రాసుకున్నాను, కొలతలతో సహా. పక్క గదిలో పడుకునే మనిషిని మాత్రం ఒక్క ప్రశ్న అడగలేదు.

సాయంత్రం కరెంటు పోయింది. మిద్దెమీద చాక్‌పీసుతో పులిజూదం గీశాను. మూడు పులులు నావి, గులకరాళ్లు. పదిహేను మేకలు అత్తమ్మవి, చింతగింజలు. పదిహేనూ పెట్టేదాకా మేకను కదపకూడదు కాబట్టి మొదట్లో పులులదే రాజ్యం. టకటకా మూడు మేకల్ని చంపి సంబరపడ్డాను. ఆమె ఏమీ మాట్లాడకుండా ఒక్కో గింజా పెట్టుకుంటూ పోయింది. ఇంకో పావుగంటకు రెండు పులులు కదల్లేకుండా అయ్యాయి. మూడోదానికి ఒక్క దారే మిగిలింది.

అక్కడో గింజ జరిపి అంది: "రోలు నోరంతా మట్టి గట్టిగా పట్టుకోనుంటాది. ముందు దాన్ని కడిగించు. కడిగినాక ఆ పిల్ల ఏం నూరుతాదో రాయి."

2140లో ఎండుమిరపకాయలు ఉంటాయో లేదో నేనింకా తేల్చుకోలేదు.