కరివేపాకు చెట్టుకి పురుగు పట్టిందా, మందు కొట్టకండి

కుండీలో కరివేపాకు పెంచేవాళ్ళందరూ ఏదో ఒక రోజు అడిగే ప్రశ్నే ఇది. మొన్న మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో ఒకావిడ "చెట్టు నిండా పురుగులండీ, ఏం చెయ్యాలి" అని ఫోటో పెట్టారో లేదో నలుగురు నాలుగు మందుల పేర్లు చెప్పేశారు. బాబోయ్, రేపు పప్పులో పోపు వేసేది ఆ ఆకే కదా!

అవి చాలావరకు లైమ్ బటర్‌ఫ్లై అనే సీతాకోకచిలుక పిల్లలు. నల్ల రెక్కల మీద లేత పసుపు మచ్చలతో నిమ్మచెట్ల చుట్టూ కుదురు లేకుండా తిరుగుతుంటుంది చూడండి, అదే. నిమ్మ, బత్తాయి, మారేడు, కరివేపాకు అన్నీ ఒకే కుటుంబం మొక్కలు కాబట్టి ఏది దొరికినా దానికి ఓకే. తల్లి వచ్చి ముందు కాళ్ళతో ఆకుని టపటపా తడుతుంది, దానికి రుచి తెలిసేది కాళ్ళతోనే మరి, ఇది మన పిల్లలు తినే ఆకే అని తేల్చుకున్నాక లేత చిగురు మీద ఒక్క గుడ్డు పెట్టి ఇంకో రెమ్మకి పోతుంది.

ఇక పిల్ల వేషాలు చూడాలి. మొదట్లో గోధుమ రంగు, మధ్యలో తెల్ల మచ్చ, అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది, రెట్టని ఏ పిట్ట తింటుంది చెప్పండి. పెద్దయ్యాక రెట్ట వేషం నప్పదు కాబట్టి చివరిసారి కుబుసం విడిచి ఆకుపచ్చగా మారిపోతుంది. అప్పుడు పుల్లతో మెల్లగా తట్టి చూడండి, తల వెనక నుంచి నారింజ రంగులో రెండు కొమ్ములు బయటికి వచ్చి ఘాటు వాసన కొడుతుంది, చీమల్లాంటివి దగ్గరికి రాకుండా. మా అబ్బాయికి ఇదొక ఆట అయిపోయింది, ఊరికే దాన్ని విసిగించకురా అని నేను అరవడం. రెండు వారాలు ఆపకుండా తిని, ఏ కొమ్మకో నడుముకి దారం కట్టుకుని ప్యూపా, అంటే రెక్కలొచ్చే ముందు కదలకుండా ఉండే గూడు, అయిపోతుంది, ఆకుల మధ్య అయితే పచ్చగా, ఎండు పుల్ల మీద అయితే గోధుమ రంగులో. ఒక్కోసారి ఆ ప్యూపాలోంచి సీతాకోకచిలుకకి బదులు బోలెడన్ని చిన్న కందిరీగలు వస్తాయి, తల్లి కందిరీగలు ముందే లోపల గుడ్లు పెట్టేసి ఉంటాయన్నమాట.

సీతాకోకచిలుకలు లేకపోతే పువ్వులు కాయలవ్వవు అని అందరూ రాస్తారు కానీ, పంటల విషయంలో ఆ పని ఎక్కువ చేసేది తేనెటీగలే. వీటి అసలు విలువ పురుగు దశలోనే ఉందని నా అభిప్రాయం. గింజలు తినే పిచ్చుక కూడా గూట్లో పిల్లలకి పురుగులే తెచ్చి పెడుతుంది, పెట్టిన గుడ్లన్నీ సీతాకోకచిలుకలైపోతే ఈ పిట్టలూ కందిరీగలూ ఏం తినాలి? అలాగని నల్గొండ బత్తాయి రైతునో గూడూరు నిమ్మ రైతునో వదిలెయ్యమని నేను చెప్పను, నర్సరీ మొక్కల ఆకులు ఇవి నిజంగానే దులిపేస్తాయి. ఇంట్లో పెద్ద చెట్టుకి మాత్రం పోయేదేం లేదు, మళ్ళీ చిగురేస్తుంది. మరీ చిన్న మొక్క అయితే చేత్తో తీసి పెద్ద చెట్టు మీద వదలండి, చాలు.

ఇంకోటి, పూల మొక్కలు నాలుగు పెట్టేసి బటర్‌ఫ్లై గార్డెన్ అంటే కుదరదు. పువ్వు పెద్దవాటికి, పిల్లలకి కావాల్సింది ఆకు, అది కూడా ఏదో ఒక ఆకు కాదు. ప్లెయిన్ టైగర్ అని నారింజ రంగుది, మనం రోజూ చూసేదే, దాని పిల్లలు జిల్లేడు తింటాయి. ఆ పాలలోని విషం ఒంట్లో దాచుకుంటాయి కాబట్టి పిట్టలు ముట్టవు, అందుకే అది అంత తీరిగ్గా ఎగురుతుంది. గాడిదగడపాకు అనే కలుపు మొక్కని తినే క్రిమ్సన్ రోజ్ సీతాకోకచిలుకదీ అదే కథ, విషం లేని కామన్ మార్మన్ అనే ఇంకో సీతాకోకచిలుక ఆడవాటిలో కొన్నయితే దాని ఎర్ర మచ్చలూ తెల్ల పట్టీలూ అచ్చుగుద్దినట్టు కాపీ కొట్టి బతికేస్తాయి. అంటే ఆ కలుపు మొక్క పోతే అసలుదీ పోతుంది, దాని పేరు చెప్పుకుని బతికే నకిలీకీ కష్టమే.

మా వీధి చివర ఖాళీ ప్లాట్‌లో జిల్లేడు గుబురుగా ఉండేది, జేసీబీ పెట్టి మొత్తం పీకించేశారు, శుభ్రంగా ఉందని అందరికీ సంతోషం. వినాయక చవితి ముందు రోజు పత్రికి జిల్లేడాకు ఎక్కడ దొరుకుతుందని మళ్ళీ అదే గ్రూప్‌లో మెసేజ్‌లు.