కొత్త అట్టలో పాత చరిత్ర: పుస్తకాలు ఎంచుకోవడంలో నా అనుభవం

నిన్న సాయంత్రం పన్నెండో పుస్తకం పేరు నోట్‌బుక్‌లో రాసి కింద గీత కొట్టాను. ఈ ఏడాది నేను చదవబోయే పుస్తకాల ఎంపిక అయిపోయింది. రెండు నెలల పైన పట్టింది. పుస్తకాలు ఎంచుకోవడానికి రెండు నెలలేమిటని ఇంట్లోవాళ్ళే అడిగారు. ఆ సంగతి మర్చిపోకముందే రాసేస్తున్నాను. ఆ రెండు నెలల్లో ఒక సాయంత్రం మాత్రం ఇంకా గుండెల్లో ముల్లులా కదులుతూనే ఉంది.

ఉద్యోగం, పిల్లల చదువుల మధ్య పదిహేనేళ్ళుగా ఒక్క పుస్తకాన్నీ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివింది లేదు. ఈ ఏడు మళ్ళీ మొదలుపెట్టి తీరాలని పంతం పట్టాను. నెలకొకటి, మొత్తం పన్నెండు.

ఆరు పుస్తకాలు తేలిగ్గానే దొరికాయి. డిటెక్టివ్ నవలలు రెండు, ఆత్మకథలు రెండు, ఒక కథల సంపుటి, ఒక యాత్రా కథనం. వీటికి మొదటి పది పేజీలు చదివితే చాలు, మనకు పడుతుందో లేదో తెలిసిపోతుంది.

ఫాంటసీ దగ్గర కాస్త తడబడ్డాను. చిన్నప్పటి నుంచి రాక్షసుల కథలంటే ప్రాణం. అట్ట మీద డ్రాగన్ బొమ్మ ఉన్న లావుపాటి నవల ఒకటి తెప్పించుకున్నాను. అరవై పేజీలు చదివినా అందరూ ఎవరో రాజు గురించి ఏడుస్తూనే ఉన్నారు, ఆ రాజెవరో ఎక్కడా చెప్పరు. రచయిత శైలే అంత కాబోలు అనుకుని ఓపిగ్గా చదువుతున్నాను. మా మేనల్లుడు వచ్చి పుస్తకం అటూ ఇటూ తిప్పి, "అత్తా, ఇది మూడో భాగం. ఆ రాజు రెండో భాగం చివర్లో చచ్చిపోయాడు" అన్నాడు. అట్ట మీద గానీ, పుస్తకం వీపు మీద గానీ ఆ ముక్క లేదు. లోపల కాపీరైట్ పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. ఎన్నో భాగమో అట్ట మీద వేయని ప్రచురణకర్తలు పాఠకుడికి అన్యాయం చేస్తున్నట్టే. ఆ మాట ఎక్కడైనా అంటాను.

ఆ రోజు వాడు నాకు చాలా చెప్పాడు. టోల్కీన్ 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మూడు నవలలు కాదట, ఒకే కథ. 1954, 55ల్లో మూడు సంపుటాలుగా విడదీసి వేశారు. కాబట్టి రెండోది ముందు దొరికింది కదా అని పట్టుకుంటే లాభం లేదు. 'వీల్ ఆఫ్ టైమ్' అనే ఫాంటసీ సిరీస్ మొదటి సంపుటం 1990లో వచ్చింది, 2007లో రచయిత పోయాడు, ఆయన నోట్సు ఆధారంగా మరో రచయిత పూర్తి చేస్తే పద్నాలుగో సంపుటం 2013లో వచ్చింది. అందుకే సిరీస్ మొదలుపెట్టే ముందు అది పూర్తయిందా లేదా అని చూసుకోవాలి. కథ సగంలో ఆగితే ఆ బాధ పడేది మనమే.

సి.ఎస్. లూయిస్ పిల్లల కోసం రాసిన నార్నియా ఫాంటసీ కథలు మొత్తం ఏడు. మొదటిది 1950లో వచ్చింది. 1955లో వచ్చిన ఆరోది అన్నిటికన్నా ముందు కాలంలో జరిగే కథ. తర్వాతి ఎడిషన్లలో దానికే ఒకటో నంబరు ఇచ్చారు. ఏది ముందు చదవాలని పాఠకులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. నా మాట ఖచ్చితం: అచ్చయిన వరసలోనే చదవాలి. 1950 నాటి ఆ మొదటి కథలో పిల్లలు బీరువా తలుపు తీసి లోపలికి వెళ్తే కాళ్ళ కింద మంచు తగులుతుంది. ఆ లోకం ఎలా పుట్టిందో మనకు ముందే తెలిసిపోతే ఆ మంచు అంత చల్లగా ఉండదు. ఆ మొదటిదాన్నీ, ఒక త్రయంలో మొదటి భాగాన్నీ, ఒక్క పుస్తకంతో ముగిసే నవలనీ తీసుకున్నాను. ఫాంటసీ లెక్క మూడుతో సరి.

ఇక దేశ చరిత్ర. నా పరువు పోయింది ఇక్కడే.

నెలకోసారి పుస్తకాలు చదివేవాళ్ళు కలిసే ఒక చిన్న బృందంలో ఆ మధ్యే చేరాను. ప్రతిసారీ ఒకరు తాము చదివిన పుస్తకం గురించి పావుగంట మాట్లాడాలి. ఆ నెల నేను మాట్లాడతానని చెయ్యెత్తాను. అప్పటికే భారతదేశ చరిత్ర మీద ఒక పుస్తకం కొనుక్కుని ఉన్నాను. అట్ట మీద బంగారు అక్షరాలతో 'కొత్త ఎడిషన్' అని ఉంది. వెనక నాలుగు పొగడ్తలు. అచ్చయింది నిరుడు. కాగితం నున్నగా, అక్షరం కళ్ళకు హాయిగా ఉంది. మొదటి నాలుగు అధ్యాయాలూ శ్రద్ధగా చదివి, కాగితం మీద రాసుకుని, అద్దం ముందు రెండుసార్లు చెప్పుకుని మరీ వెళ్ళాను.

మొహెంజొదారో గురించి చెప్పాను. వీధుల్లో, మెట్ల మీద పడి ఉన్న అస్థిపంజరాల గురించి చెప్పాను. గుర్రాల మీద వచ్చినవాళ్ళు ఊరి మీద విరుచుకుపడి, పారిపోతున్న ఆడవాళ్ళనీ పిల్లల్నీ నరికేశారని, ఆ మహానగరం అలా అంతమైపోయిందని చెప్పాను. చెబుతుంటే నాకే గొంతు పూడుకుపోయింది. గదంతా నిశ్శబ్దం. బాగా చెబుతున్నానని లోలోపల పొంగిపోయాను.

ముందు వరసలో ఒక మాస్టారు కూర్చున్నారు, చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన పెద్దాయన. "ఈ పుస్తకం ఎప్పుడు రాశారమ్మా?" అని అడిగారు.

"కొత్తదేనండీ, నిరుడే వచ్చింది" అన్నాను.

"ఒకసారి ఇలా ఇవ్వు తల్లీ."

ఇచ్చాను. కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి, పుస్తకాన్ని ముఖానికి దగ్గరగా పట్టుకుని, లోపలి రెండో పేజీ మీద వేలు పెట్టి పై నుంచి కిందకి మెల్లగా దింపారు. ఆ వేలు ఒక చోట ఆగింది. "మొదటి ముద్రణ 1953. నిరుడు వచ్చింది పునర్ముద్రణ. మార్పులేమీ చేసినట్టు లేదు" అని పైకే చదివారు.

వెనక నుంచి ఎవరో నవ్వారు. "డెబ్బై ఏళ్ళ నాటి గుర్రాలు, ఇప్పటికి చేరాయి" అన్నాడు ఒకతను. మరో ఇద్దరు ముగ్గురు కూడా నవ్వారు. నాకు చెవులు వేడెక్కిపోయాయి. నాలుక పిడచకట్టుకుపోయింది. చేతిలో ఇంకా రెండు కాగితాలు మిగిలి ఉన్నాయి. వాటినేం చేయాలో తెలియక మడత మీద మడత పెడుతూ నిలబడ్డాను.

మాస్టారు మాత్రం నవ్వలేదు. ఆ మారణకాండ సంగతి పురావస్తు శాఖకు అధిపతిగా పనిచేసిన మార్టిమర్ వీలర్ 1947లో రాసిన సిద్ధాంతమని చెప్పారు. ఆ రోజుల్లో రాసిన పుస్తకాల్లో చాలావాటిలోకి అదే ఎక్కింది. 1964లోనే జార్జ్ డేల్స్ అనే పురావస్తు శాస్త్రవేత్త దాన్ని కొట్టిపారేస్తూ వ్యాసం రాశాడు. ఆ అస్థిపంజరాలన్నీ ఒకే రోజున, ఒకే దాడిలో చనిపోయినవాళ్ళవి కావని చూపించాడు. 1984లో కెన్నెత్ కెనెడీ ఆ ఎముకలనే పరీక్షించి, ఊచకోతకు తగ్గ గాయాల గుర్తులు వాటి మీద లేవన్నాడు. వానలు తగ్గడం, నదులు దారి మళ్ళడం, జనం నెమ్మదిగా ఊళ్ళు వదిలి చెదిరిపోవడం లాంటి కారణాల మీద ఇప్పుడు చర్చ నడుస్తోంది. ఇదంతా ఆయన రెండు నిమిషాల్లో చెప్పి, పుస్తకం నా చేతిలో పెట్టారు.

నేను కంటతడి పెట్టుకుని చెప్పిన కథ, నేను పుట్టకముందే చెల్లకుండా పోయిన కథ. ఇంటికి వచ్చాక అన్నం సహించలేదు. రెండు రోజులు ఆ పుస్తకం ముఖం చూడలేదు.

ఇక్కడ ఒక్క మాట అనకుండా ముందుకు పోలేను. చదివినదాన్ని పదిమంది ముందు చెప్పడానికి నిలబడిన మనిషిని చూసి నవ్వకండి. తప్పుంటే చెప్పండి, మాస్టారు చెప్పినట్టు చెప్పండి. ఆ నవ్వు నన్ను ఆపలేకపోయింది గానీ, నాకన్నా మెత్తని మనిషైతే ఆ రోజుతో పుస్తకాలు మూసేసేది. అప్పుడు ఆ పాపం ఎవరిది?

బయటికి వస్తుంటే మాస్టారు గుమ్మం దగ్గర ఆగి చెప్పిన మాటతోనే నా రెండో ప్రయత్నం మొదలైంది. "అట్ట చూడకమ్మా, రెండో పేజీ చూడు. ఆ తర్వాత నీకు బాగా తెలిసిన ఒక్క విషయం తీసుకుని, దాన్ని ఆ పుస్తకంలో ఎలా రాశారో చూడు." నాకు బాగా తెలిసిన విషయం ఇప్పుడు ఒకటి ఉంది. ఆ అస్థిపంజరాల సంగతి ఈ జన్మకి మర్చిపోను.

మూడు శనివారాలు లైబ్రరీలో కూర్చున్నాను. మొదటి శనివారం సగం వృథా అయింది. లైబ్రరీల్లో పుస్తకాలకి విషయాన్ని బట్టి నంబర్లు ఇచ్చే డ్యూయీ పద్ధతిలో భారతదేశ చరిత్ర నంబరు 954 అని తెలుసుకుని ఆ అర దగ్గరే తిరిగాను. సింధు నాగరికత మీద ఒక్క పుస్తకమూ లేదు. ప్రాచీన భారతం 934లో, వేరే వరసలో ఉంటుందని ఎవరూ చెప్పలేదు. కౌంటర్ దగ్గర అడిగితే "కంప్యూటర్‌లో చూసుకోండి" అన్నారు. కంప్యూటర్‌లో పుస్తకం తాజాగా అచ్చయిన సంవత్సరం ఒక్కటే ఉంది, మొదట ఎప్పుడు రాశారో లేదు. నన్ను ముంచిన మోసమే అక్కడా ఉంది. పాఠకుడి సమయం ఆదా చేయాలన్నది గ్రంథాలయ శాస్త్రానికి ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో పెట్టిన ఐదు సూత్రాల్లో ఒకటి. మన దేశపు మనిషి పెట్టిన సూత్రం. ఆ కౌంటర్ వెనక గోడకి దాన్ని రాసి పెట్టాలి.

చివరికి తొమ్మిది పుస్తకాలు బల్ల మీద పేర్చుకున్నాను. ఒక్కోదాని చివర్లో ఇండెక్స్ తీసి, మొహెంజొదారో ఎక్కడుందో చూసి, ఆ రెండు మూడు పేజీలే చదివాను. రెండిటికి ఇండెక్సే లేదు, వాటిని అక్కడికక్కడే పక్కన పెట్టేశాను. ఐదు వందల పేజీల చరిత్ర రాసి, వెతుక్కునే దారి చూపించనివాళ్ళ మీద నాకు నమ్మకం లేదు. మిగతావాటిలో మూడింట్లో మారణకాండ కథ అలాగే ఉంది. వాటిలో ఒకటి ఈ పదేళ్ళలోనే రాసింది! రాసిన ఏడు కొత్తదైనంత మాత్రాన లోపలి సరుకు కొత్తది కాదని అప్పుడు తెలిసింది. ఇంకో మూడు ఆ అస్థిపంజరాల ఊసే ఎత్తలేదు. మిగిలిన ఆ ఒక్కదాంట్లో వీలర్ ఏమన్నాడో, డేల్స్ ఎందుకు కాదన్నాడో రెండూ ఉన్నాయి. కింద ఫుట్‌నోట్‌లో 1964 నాటి ఆ వ్యాసం పేరు, అచ్చయిన పత్రిక పేరు సహా ఉన్నాయి. ఆ ఫుట్‌నోట్ చూడగానే ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. మాస్టారి మాట అక్షరాలా కాగితం మీద కనిపించింది. దాన్నే తీసుకున్నాను.

మిగతా రెండు చరిత్ర పుస్తకాలకి 1857ని పరీక్షగా పెట్టుకున్నాను. ముందు ఆ సంఘటనని ఏ పేరుతో పిలిచారో చూశాను. సిపాయిల తిరుగుబాటు అంటే ఒక చూపు, మొదటి స్వాతంత్ర్య సంగ్రామం అంటే మరో చూపు. రచయిత ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నాడో ఆ పేరే చెబుతుంది. నూరేళ్ళు నిండిన సందర్భంలో, 1957లో, దాని మీద ఇద్దరు పెద్ద చరిత్రకారుల పుస్తకాలు వచ్చాయి. ఒకటి ప్రభుత్వం రాయించగా సురేంద్రనాథ్ సేన్ రాసింది. రెండోది ఆర్.సి. మజుందార్ రాసింది. 1857ని మొదటి జాతీయ స్వాతంత్ర్య యుద్ధం అనడానికి మజుందార్ ఒప్పుకోలేదు. ఈ రెండూ పాతవే. పాతవని తెలిసే తీసుకున్నాను. పాత చరిత్రను పారేయమని నేననను. అది ఏ ఏట రాసిందో తెలుసుకుని చదవాలి, దాని పక్కన ఇంకోటి పెట్టుకుని చదవాలి.

నాకు పనికొచ్చిన కిటుకు ఇంకోటుంది. పుస్తకాల మీద వేసే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్ 2007 జనవరి నుంచి పదమూడు అంకెలకు మారింది. పుస్తకం మీద పది అంకెలదొక్కటే ఉంటే ఆ ప్రతి అంతకుముందు అచ్చయినదై ఉంటుంది. పాత పుస్తకాల గుట్టల్లో ఇది బాగా అక్కరకొస్తుంది. ఇక చుక్కల రేటింగుల్ని నేను చరిత్ర విషయంలో అసలు పట్టించుకోను. ప్యాకింగ్ చినిగిందని ఒక్క చుక్క ఇచ్చినవాళ్ళని కూడా చూశాను.

మా బృందంలో ఇద్దరు ఇప్పుడు నా నోట్‌బుక్ అడిగి తీసుకెళ్ళి రాసుకుంటున్నారు. అందులో ఒకరు ఆ రోజు నవ్వినవాళ్ళే. ఇచ్చాను. తొమ్మిది పుస్తకాలను ఒక్కో సంగతి పట్టుకుని ఇలా జల్లెడ పట్టినవాళ్ళు మా బృందంలో నాకు తెలిసి ఇంకెవరూ లేరు.

మొన్న మాస్టారు ఫోన్ చేసి, "వచ్చే నెల మళ్ళీ నువ్వే మాట్లాడాలమ్మా" అన్నారు. సరేనన్నాను. ఈసారి 1857. సేన్ పుస్తకం, మజుందార్ పుస్తకం బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయి. రెండింటిలోనూ రెండో పేజీ దగ్గర కాగితం ముక్క పెట్టి ఉంచాను.