16 అంగుళాల బాడీ, 0.06 మిల్లీమీటర్ల తలనొప్పి

సెమీ హాలో గిటార్ (లోపల కొంత బోలుగా ఉండే ఎలక్ట్రిక్ గిటార్) కొనేటప్పుడు దాదాపు అందరం ముందు అడిగేది బాడీ ఎంత వెడల్పు అనే. నేనూ అదే అడిగాను, కొన్నాను, ఆ తర్వాత నన్ను ఏడిపించింది మాత్రం వెడల్పు కాదు. అక్కడికి వస్తాను.

ముందు సైజుల సంగతి. గిబ్సన్ ఈఎస్-335 వచ్చింది 1958లో, ఈ రకం గిటార్లకి ఇప్పటికీ కొలబద్ద అదే. కింది వైపు బాగా వెడల్పున్న చోట 16 అంగుళాలు. అదే గిబ్సన్ వాళ్ళ గట్టి చెక్క గిటార్ లెస్ పాల్ 13. మూడంగుళాలే కదా అనిపిస్తుంది, కానీ కూర్చుని ఒళ్ళో పెట్టుకుంటే కుడి మోచెయ్యి బయటికి పోతుంది, దాంతో భుజం కొంచెం లేస్తుంది, గంటసేపు వాయించాక మెడ పక్కన లాగడం మొదలవుతుంది (పొడుగ్గా ఉన్నవాళ్ళకి ఇదేమీ అనిపించదు, వాళ్ళ మాట నమ్మి కొనకండి). 2007లో వచ్చిన ఈఎస్-339 దాదాపు 14 అంగుళాలు. ఒళ్ళో అది లెస్ పాల్‌కి దగ్గరగా అనిపిస్తుంది, 335 కేసులో పెడితే మాత్రం అటూ ఇటూ కదులుతుంది.

వెడల్పొక్కటే చూస్తే ఇంకో మోసం కూడా ఉంది. ఈఎస్-175 కూడా 16 అంగుళాలే, కానీ దాని మందం 335కి దాదాపు రెట్టింపు, చెయ్యి వేసుకునే తీరే మారిపోతుంది. ఈఎస్-330 అయితే ముందు నుంచి చూస్తే అచ్చం 335లాగే ఉంటుంది గానీ లోపల చెక్క దిమ్మె, అదే సెంటర్ బ్లాక్, ఉండదు, మొత్తం బోలు. 335లో తీగల చివర్లని పట్టుకునే కడ్డీ, అదే స్టాప్ టెయిల్‌పీస్, దాని స్టడ్లు (లావు మరలు) దిగేది ఆ దిమ్మెలోకే. 330లో వాటికి పట్టు దొరకదు కాబట్టి తీగల్ని బాడీ చివర బిగించే ట్రపీజ్ టెయిల్‌పీస్ పెట్టారు. బిగ్స్‌బీ (స్వరాన్ని ఊపే లివరున్న టెయిల్‌పీస్) పెట్టాలనుకున్నా ఇదే లెక్క: దాని బీ7 మోడల్‌కి టాప్ (ముందు పలక) మీద స్క్రూలు పడతాయి, కింద చెక్క ఉండాలి, బోలు గిటార్లకి బీ6 లాంటివి వేరే ఉన్నాయి. అంటే ఏ హార్డ్‌వేర్ పడుతుందో సగం బాడీయే చెప్పేస్తుంది.

మిగతా సగం నేను నా ఖర్చుతో నేర్చుకున్నాను. నాది సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న, ఆసియాలో తయారైన 335 తరహా గిటార్. టెయిల్‌పీస్ తుప్పు పట్టి ఉంటే అమెరికా కొలతలది కొత్తది తెప్పించాను. స్టడ్ వేలితో తిప్పాను, ఒక చుట్టు హాయిగా తిరిగింది, రెండోదానికి బిగుసుకుంది. కొత్తది కదా, కాస్త గట్టిగా ఉంటుందిలే అని స్క్రూడ్రైవర్ తీశాను. మంచి బుద్ధి పుట్టి ఆగాను గానీ లేకపోతే బుషింగ్ (స్టడ్ దిగే లోహపు గొట్టం) లోపలి థ్రెడ్ నున్నగా అరిగిపోయేది. కాలిపర్‌తో కొలిస్తే అప్పుడు అర్థమైంది. గిటార్‌లో ఉన్న బుషింగ్ ఎం8, అంటే 8 మి.మీ.; నేను తెప్పించిన స్టడ్ 5/16 అంగుళాలది, అంటే 7.94. తేడా 0.06. కంటికి రెండూ ఒకటే. కానీ ఎం8లో ఒక్కో చుట్టుకీ 1.25 మి.మీ. దిగితే, దీంట్లో అంగుళానికి 24 చుట్లు, చుట్టుకి 1.06 మాత్రమే. మొదటి చుట్టు ఎందుకు తిరిగిందో, రెండోది ఎందుకు పట్టేసిందో ఇప్పుడు చెప్పక్కర్లేదు. ఆ స్టడ్లు పక్కన పెట్టేసి మెట్రిక్‌వి తెచ్చుకున్నాను, టెయిల్‌పీస్ వాటి మీద చక్కగా కూర్చుంది.

పాట్ల (వాల్యూమ్, టోన్ మార్చడానికి తిప్పే భాగాలు) దగ్గరా ఇదే కథ, ఇంకాస్త చిరాకుగా. అమెరికన్ పాట్ మెడకి 9.5 మి.మీ. రంధ్రం కావాలి, నా గిటార్‌కి ఉన్నవి 8. డ్రిల్లు పెడితే ప్లైవుడ్ టాప్ అంచున పెచ్చు లేస్తుంది, పాలిష్ పగులుతుంది, అందుకని కోసుగా ఉండే రీమర్‌తో చేత్తో మెల్లగా తిప్పుకుంటూ పెద్దవి చేశాను. తీరా పాట్ డబ్బా 24 మి.మీ., నా ఎఫ్-హోల్ (టాప్ మీద ఎఫ్ ఆకారంలో ఉండే కన్నం) లోంచి దూరలేదు! ముందే ఎఫ్-హోల్ వెడల్పు కొలిచి ఉంటే 16 మి.మీ. చిన్న పాట్లే తెచ్చేవాణ్ణి, ఆ రంధ్రాల జోలికే పోయేవాణ్ణి కాదు. చివరికి అవే పెట్టాను, పెద్దవైన రంధ్రాలు వాషర్ల కింద దాక్కున్నాయి. పాత నాబ్‌లు మళ్ళీ పట్టాయి, ఎందుకంటే పాత పాట్లూ ఈ చిన్నవీ రెండూ 18 పళ్ళ షాఫ్ట్‌లే. అమెరికన్‌వి 24 పళ్ళవి, వాటి నాబ్‌లు వీటికి ఎక్కవు. వైరింగ్ లోపలికి పంపేటప్పుడు సన్నటి అక్వేరియం గొట్టం పాట్ షాఫ్ట్‌కి తొడిగి బయటి నుంచి లాగితే చాలు, దారంతో కుస్తీ పట్టక్కర్లేదు.

ట్యూనర్లు (తీగలు బిగించే చెవులు) ఇంకా మార్చలేదు. పాత క్లూసన్ కంపెనీ తరహావి కావాలని ఉంది, కానీ నా హెడ్‌స్టాక్ (గిటార్ తల) రంధ్రాలు 10 మి.మీ.వి, వాటికి చిన్నవి కావాలి. అడాప్టర్ బుషింగులు ఆర్డర్ పెట్టాను, ఈసారి కొలిచాకే. వెనక పాత స్క్రూల గుర్తులు కనిపిస్తాయట, కనిపించనీ.