నాన్న సేద్యం పుస్తకాలు ఫోన్‌లోకి: ఇప్పటిదాకా అయిన పని

1994 నుంచి 2009 దాకా నాన్న రాసుకున్న సేద్యం పుస్తకాలు టైపు చేయడం ఈ నెలతో పూర్తయింది. 2010 తర్వాతవి మిగిలి ఉన్నాయి. వచ్చే ఏరువాక పున్నమి నాటికి అన్నీ పూర్తిచేసి నాన్న ఫోన్‌లో తెరిచి చూపించాలన్నది నా లక్ష్యం. ఇంట్లో ఇలాంటి పాత పుస్తకాలు ఉన్నవాళ్లకు పనికొస్తుందని ఏ సామాను వాడానో, ఏది ఎలా కుదిరిందో రాస్తున్నాను.

మాది పల్నాడు. పత్తి, మిర్చి పండిస్తారు. వాన ఎప్పుడు పడింది, ఏ చేలో ఎంత పదును (నేలలో తడి) అయింది, ఏ మందు కొట్టారు, కూలీలు ఎంతమంది వచ్చారు, గుంటూరు యార్డుకు ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) వెళ్లాయి, అన్నీ నాన్న రాసి పెట్టాడు. చాలాచోట్ల తేదీ ఉండదు, కార్తె ఉంటుంది. "ఆరుద్ర రెండో పాదం. సాయంత్రం వాన. మెట్ట చేలో జానెడు పదును." అంతే. నేను హైదరాబాద్‌లో వెబ్ డెవలపర్‌ని. రోజూ ఎవరెవరి అమ్మకాల లెక్కలకో డాష్‌బోర్డులు కడతాను. ఒక బటన్ రెండు పిక్సెళ్లు పక్కకు జరిగితే దాని మీద మీటింగ్ పెట్టుకుంటాం. అంత శ్రద్ధ ఈ పుస్తకాలకూ దక్కాలని నా కోరిక.

ముందు పేజీలన్నీ ఫోన్‌తో ఫోటోలు తీశాను. పొద్దున కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట బల్ల వేసి, ఫోన్‌ను ట్రైపాడ్‌కు బిగిస్తే చాలు, స్కానర్ అక్కర్లేదు. ఫ్లాష్ వేస్తే బాల్‌పెన్ గీతలు మెరిసి అక్షరం పోతుంది. వెనక పేజీ సిరా ఇవతలికి కనిపిస్తుంటే పేజీ కింద నల్ల కాగితం పెట్టాలి, చాలా తేడా వస్తుంది. ఫోటో నుంచి నేరుగా అక్షరాలు తీసే టెసరాక్ట్ అనే ప్రోగ్రామ్ అచ్చు అక్షరాల కోసం తయారైనది, చేతిరాత దాని పని కాదు. అందుకే టైపు చేయక తప్పదు.

టైపు చేయాలంటే పద్ధతి మారాలి. ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి తెలుగు తెచ్చుకునే దారి వాట్సాప్ మెసేజీకి బాగానే ఉంటుంది. వందల పేజీలకు అలా కాదు. ప్రతి మాటకూ తెరపై వచ్చే సూచనలు చూస్తూ కూర్చోవాలి, "కార్తె" బదులు "కార్తి" వస్తే మళ్లీ దిద్దాలి. అందుకే నేరుగా తెలుగు అక్షరాలే కొట్టే కీబోర్డు అమరిక, ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకున్నాను. కీబోర్డులో ఎడమ చేతికి అచ్చులు, గుణింతపు గుర్తులు. కుడి చేతికి హల్లులు. మధ్య వరుసలో కుడివైపు ప, ర, క, త, చ, ట వరసగా ఉంటాయి. ఎడమవైపు ఓత్వం, ఏత్వం, పొల్లు, గుడి, కొమ్ము. హల్లు, పొల్లు, మళ్లీ హల్లు కొడితే వత్తు పడుతుంది. "తప్పు" అని రాయడానికి వేళ్లు మధ్య వరుస దాటి కదలవు. షిఫ్ట్‌తో కొడితే క ఉన్న కీ ఖ అవుతుంది, గుడి ఉన్న కీ ఇ అవుతుంది. తర్కం ఒకసారి పట్టుబడితే గుర్తుపెట్టుకోవాల్సింది పెద్దగా ఉండదు. హిందీకి, కన్నడకు కూడా ఇదే అమరిక కాబట్టి నేర్చుకున్నది ఎక్కడికీ పోదు.

పొద్దున ఆరున్నర నుంచి ఏడున్నర దాకా నా సమయం. రాత్రి అమెరికా టీమ్‌తో కాల్ పొద్దుపోయేదాకా సాగితే మర్నాడు సాధన ఉండదు, ఫోటోలు సర్దుకుంటాను. మొదట మధ్య వరుస అక్షరాలతో వచ్చే మాటలే కొట్టాను. అవి చూడకుండా వచ్చాకే పై వరుస, ఆ తర్వాత కింది వరుస, చివరికి షిఫ్ట్ అక్షరాలు. ఇప్పుడు నిమిషానికి పాతిక మాటల దాకా వస్తున్నాయి. ఇంగ్లిష్ వేగంతో దీన్ని పోల్చి నిరాశ పడొద్దు. "కొట్టించాల్సివచ్చింది" ఒక్క మాటే, ఇంగ్లిష్‌లో అది ఒక వాక్యం.

కీబోర్డు విషయం. మామూలు దానికంటే చిన్నదైన డెబ్బై ఐదు శాతం సైజు మెకానికల్, అంటే ప్రతి కీకి విడి స్విచ్ ఉండేది, స్విచ్‌లు ఊడదీసి మార్చుకునే హాట్ స్వాప్ రకం. ఇన్‌స్క్రిప్ట్‌లో షిఫ్ట్ పని ఎక్కువ, చిటికెన వేలికి భారం. అందుకని 45 గ్రాముల ఒత్తిడికే పలికే రెడ్ స్విచ్‌లు వేశాను. తెలుగు అక్షరాలున్న కీక్యాప్‌ల కోసం డబ్బు పెట్టకండి. అమరిక బొమ్మను ప్రింట్ తీసి మానిటర్ పక్కన గోడకు అంటిస్తే చూపు కిందికి దిగదు, త్వరగా వస్తుంది. నా కంప్యూటర్ నడిపే ఉబుంటులో తెలుగు లేఅవుట్ కలిపి, భాష మార్చే పనిని క్యాప్స్ లాక్‌కు అప్పజెప్పాను. ఇంకో ముఖ్యమైన సెట్టింగ్ షిఫ్ట్ స్పేస్ కొడితే జీరో విడ్త్ నాన్ జాయినర్ పడేలా చేయడం. కంటికి కనబడని ఈ అక్షరం లేకపోతే "క్వినాల్‌ఫాస్" రాసినప్పుడు ల కింద ఫ వత్తుగా చేరుతుంది. పురుగుమందుల పేర్లు పేజీ పేజీకీ ఉన్న పుస్తకాలకు ఇది రోజూ కావాల్సిన కీ.

ఇక నా అసలు వృత్తికి దగ్గరగా వచ్చిన భాగం, ఈ పుస్తకాలను ఫోన్‌లో చూపించే సైటు, తెర మీద తెలుగు. నాన్నకు అరవై దాటాయి, చత్వారం. ఫోన్‌ను దూరం పెట్టి చదువుతాడు. అక్షరం సైజు ఇరవై పిక్సెళ్లు, లైన్ హైట్ (వరుస ఎత్తు) అక్షరం సైజుకు 1.8 రెట్ల దగ్గర కుదిరింది. ఇంగ్లిష్‌కు సరిపోయే 1.4 ఇస్తే పై వరుస వత్తులు కింది వరుస తలకట్లకు తగులుతాయి. గూగుల్ ఫాంట్స్‌లో ఉన్న మండలి అనే ఫాంట్ నాకు చాలా ఇష్టం, కానీ అందులో ఒకటే బరువు (గీతల మందం) ఉంది. బోల్డ్ అడిగితే బ్రౌజర్ తనే గీతల్ని మందం చేస్తుంది, దాంతో అక్షరాల లోపలి ఖాళీలు పూడిపోతాయి. అందుకని మామూలు పాఠానికి, బోల్డ్‌కు నోటో సాన్స్ తెలుగు, ఏడాది శీర్షికలకు రామభద్ర పెట్టాను. బటన్లకు స్థిరమైన ఎత్తు ఇవ్వడం పూర్తిగా మానేశాను. ఎత్తు బిగించి, దాన్ని దాటింది కనబడకుండా చేసే ఓవర్‌ఫ్లో హిడెన్ పెట్టిన చోటల్లా వత్తులు తెగుతాయి. పైనా కిందా ప్యాడింగ్ (ఖాళీ) ఇస్తే ఏ మాటైనా ఇముడుతుంది.

సైటు ముందు పేజీలో ఒక్కో రోజు రాతను కొంచెం చూపించి మిగతాది దాచాలి. బ్రౌజర్‌లో నడిచే ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్ లెక్కలో "స్త్రీ" ఒక అక్షరం కాదు, ఆరు. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. అందులో ముక్క కోసే మామూలు స్లైస్‌తో కోస్తే మాట మధ్యలో పొల్లు వేలాడుతూ మిగులుతుంది. జావాస్క్రిప్ట్‌లోనే ఉన్న ఇంటల్ సెగ్మెంటర్ అనే సాధనం అక్షరాన్ని అక్షరంగా చూస్తుంది. 2024 ఏప్రిల్‌లో ఫైర్‌ఫాక్స్‌కు కూడా వచ్చాక పెద్ద బ్రౌజర్లన్నిటిలో ఉన్నట్టే. అయితే స్త్రీ లాంటి సంయుక్తాక్షరాన్ని ఒకే ముక్కగా చూడాలన్న నియమం అన్ని భాషల అక్షర సంకేతాల ప్రమాణమైన యూనికోడ్ 15.1తో వచ్చింది, కాబట్టి పాత బ్రౌజర్లలో ఫలితం వేరుగా ఉంటుంది. అందుకని నేను మాట హద్దు దగ్గరే కోస్తున్నాను. తెలుగు సైట్లు కట్టే ప్రతి డెవలపర్ ఈ ఒక్క విషయం చూసుకుంటే ఎన్నో సగం అక్షరాలు తప్పుతాయి.

వెతకడానికి ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ వాడుతున్నాను. దానిలో పాఠం వెతికే భాగం ఎఫ్‌టీఎస్ 5లో, పాఠాన్ని మాటలుగా విడగొట్టే మామూలు టోకెనైజర్ అక్షరాలను, అంకెలను మాత్రమే మాటలో భాగంగా తీసుకుంటుంది. గుణింతపు గుర్తులు, పొల్లు దానికి విభజన గీతలు, కాబట్టి తెలుగు మాట ముక్కలైపోతుంది. 2020 డిసెంబర్‌లో వచ్చిన 3.34 వెర్షన్ నుంచి ట్రైగ్రామ్ టోకెనైజర్ ఉంది, మూడేసి అక్షర సంకేతాల ముక్కలతో వెతుకుతుంది. తెలుగుకు ఇదే నప్పుతుంది. "వాన" అంటే వానకు, వానలో, వానలు అన్నీ దొరుకుతాయి. "వర్ష" అంటే వర్షం, వర్షాలు రెండూ వస్తాయి. సూచికలోకి ఎక్కించే ముందు, వెతికే ముందు ఆ కనబడని నాన్ జాయినర్‌ను రెండువైపులా తీసేయాలి. నాన్న క్వినాల్ఫాస్ అని కొట్టినా, నేను మధ్యలో నాన్ జాయినర్‌తో రాసినా ఒకటే కావాలి కదా.

కార్తెలను తేదీలుగా మార్చడం నాకు బాగా నచ్చిన భాగం. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో 13, 14 రోజులు ఉంటాడు, అలా 27 కార్తెలు. సూర్యుణ్ని బట్టి లెక్క కాబట్టి ఏటా ఒక రోజు అటూ ఇటూగా అదే తేదీ. మృగశిర జూన్ 7, 8 ప్రాంతంలో, ఆరుద్ర జూన్ 21, 22కి, పునర్వసు జులై మొదటి వారంలో. పాదం అంటే ఇందులో నాలుగో వంతు, సుమారు మూడున్నర రోజులు. అందుకని ఒక్క తేదీ రాయకుండా, మొదలు, చివర అని రెండు తేదీలు పెట్టాను. నాన్న రాసిన మాట పక్కనే అలాగే ఉంటుంది. అది మూలం, దాన్ని మార్చే అధికారం నాకు లేదు.

సందేహం వచ్చిన చోట ఫోటో పంపి అడుగుతాను. మొన్న ఒకటి పంపి, "నాన్నా, ఇక్కడ ఎనిమిదేనా?" అన్నాను. "ఎనిమిది కాదురా అబ్బాయ్, మూడు. ఆ చేను మొదటి కోతకే ఎనిమిది టిక్కీలు ఎట్లా ఇస్తుంది?" అన్నాడు. ఇలాంటి తనిఖీ ఏ ప్రోగ్రామూ చేయదు.

ఇదంతా నడిచేది ఇంట్లో ఉన్న రాస్‌బెరీ పై 4 అనే అరచేతంత కంప్యూటర్ మీద, 4 జీబీ ర్యామ్‌ది. మెమరీ కార్డుకు బదులు యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీ నుంచి బూట్ అవుతుంది, కరెంటు పోయి వచ్చే చోట అదే భద్రం. ఎస్‌ఎస్‌డీతో కలిపి నాలుగైదు వాట్లు అనుకున్నా నెలకు మూడు, నాలుగు యూనిట్లే. బయటి నుంచి టెయిల్‌స్కేల్ అనే ప్రైవేట్ నెట్‌వర్క్ ద్వారా మా కుటుంబం ఫోన్లే చేరతాయి. చేలో సిగ్నల్ సరిగా ఉండదు కాబట్టి బ్రౌజర్‌లోని సర్వీస్ వర్కర్ అనే సదుపాయంతో పేజీలు ఫోన్‌లోనే నిలవ ఉంటాయి. వెతకడం మాత్రం నెట్ ఉన్నప్పుడే. రాత్రిపూట బ్యాకప్ ఇంకో డిస్కుకు వెళ్తుంది, ఒక కాపీ ఊళ్లో ఉంది.

టైపు అయినంతవరకు "పచ్చ పురుగు" అని వెతికి చూశాను. తొంభైల చివర పత్తి పేజీల్లో ఆ మాట లేని వారం అరుదు. ఈ పురుగును తట్టుకునేలా జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. ఆ విత్తనం మా చేలోకి వచ్చాక మందుల ఖర్చు ఉన్న పేజీలు పలచబడ్డాయి. గులాబీ రంగు పురుగు పేరు 2009 దాకా కనబడలేదు. అది ఏ ఏడు, ఏ కార్తెలో నాన్న కంటపడిందో తర్వాతి పుస్తకాలే చెప్పాలి.

2010 పుస్తకం ఫోటోలు సిద్ధంగా ఉన్నాయి. అందులో సగం బాబాయి చేతిరాత, పెన్సిల్‌తో రాసింది, చాలాచోట్ల చెరిగింది. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఇద్దరినీ కూర్చోబెట్టి చదివించుకుని, విన్నది విన్నట్టు కొట్టుకోవాలి. దానికోసం కొత్త కీబోర్డు కూడా బ్యాగులో పెడుతున్నాను.